లాకుల మడుగులో చెక్క చేప

మొన్నొక రోజు నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు వస్తూ, కాలవ కట్ట పక్కన కారు ఆపమన్నాను. నడుము పట్టేసిందని సాకు చెప్పాను. అసలు సంగతి వేరు. కట్ట మీద ఇద్దరు పిల్లగాళ్ళు నిలబడి ఉన్నారు. చేతుల్లో వేలు లావు కడ్డీలు, కళ్ళకు నల్లద్దాలు. దారం చివర ఒక రబ్బరు కప్ప వేలాడుతోంది. ఆ కప్పకు కళ్ళున్నాయి, కాళ్ళున్నాయి, పొట్ట కింద ఎవరికీ కనపడకుండా గాలాలూ ఉన్నాయి. నా కాళ్ళు వాటంతట అవే కట్ట ఎక్కాయి.

"ఏం పడ్తాండారు నాయనా?" అన్నాను.

"కొర్రమీన్లకొచ్చినాం పెద్దమ్మా. పొద్దున్నుంచి ఒకటి గూడా తగల్లేదు."

"వాలుగలు తగుల్తాండాయా?"

ఆ పిల్లగాడు అద్దాలు తీసి నావైపు చూశాడు. "రెండు పడినాయి, వదిలేసినాం. నీకెట్ల తెల్సు?"

ఎట్ల తెలుసో చెప్పబోతుంటే కింద మావాడు హారన్ కొట్టాడు. వాడికి ఓపిక తక్కువ, ఆ గుణం నా దగ్గర్నుంచే వచ్చింది. అక్కడ చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ చెబుతాను.

నాకప్పుడు పదేళ్ళో పదకొండో. ఆ ఎండాకాలం మా ఇంట్లో రెండు వాసనలుండేవి. వసారాలో జేజి ఎండబెట్టిన మామిడికాయ ముక్కల వాసన ఒకటి. లోపలి గదిలో అమ్మ మంచం చుట్టూ వేపాకు పొగ, శొంఠి కషాయం కలిసిన వాసన ఇంకొకటి. అమ్మకు టైఫాయిడు వచ్చి తగ్గింది. తగ్గడమైతే తగ్గింది గానీ, పోతూ పోతూ ఆమె ఆకలిని కూడా మూట గట్టుకుని పోయింది. గంజి ఇస్తే రెండు గుక్కలు, జావ ఇస్తే ఒక గుక్క. గాజులు మోచేతి దాకా జారిపోయేవి.

నంద్యాల నుంచి వచ్చిన డాక్టరు వాకిట్లో నాయనతో మాట్లాడుతుంటే నేను తలుపు చాటున నిలబడి విన్నాను. "మందుల పని అయిపోయింది. ఇంగ ఈమె తినాల. వారంలోపల తిండి పట్టకపోతే మళ్ళీ ఆస్పత్రిలో చేర్చాల్సిందే. అప్పుడు నేను మాటియ్యలేను" అన్నాడు. నాయన ఆ పూట చేనికి పోలేదు. ఎద్దుల పక్కన గాడి మీద ఊరికే కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే అమ్మ నోరు తెరిచి ఒక మాట అడిగింది.

"చేపల పులుసు తినాలనిపిస్తాండాది."

జేజి చేతిలో గంజి గిన్నె అట్లాగే ఆగిపోయింది. మూడు వారాల్లో అమ్మ ఏదైనా కావాలని అడగడం అదే మొదలు.

జేజి అంటే మా నాయన తల్లి. ఇంటి పెత్తనమూ, పత్యం పెత్తనమూ ఆమెదే. ఏ జబ్బుకు ఏం తినకూడదో ఆమెకు నోటికొచ్చు. తినదగ్గవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ మాట నేను ఒకసారి పైకే అని వీపు మీద తిన్నాను.

"తింటే కొర్రమీనే తినాల" అని తేల్చేసింది జేజి. "పొలుసుండే చేప. పానంతో ఇంటికి రావాల. నున్నటి చేప, మీసాలుండే చేప ఈ గడప దాటకూడదు. జరం పడి లేచినోళ్ళు వాలుగ తింటే జన్ని కమ్ముతాది."

జన్ని అంటే ఒళ్ళు వంకర్లు పోయి, తెలివి తప్పిపోవడం. ఎట్లా ఉంటుందో నేను చూడలేదు గానీ జేజి చెప్పే తీరుకే నాకు అరికాళ్ళు చల్లబడేవి.

కొర్రమీను కావాలంటే అప్పుడు దొరికే రోజులా? ఎండలకు కాలవకు నీళ్ళు ఆపేశారు. చేపలు పట్టేవాళ్ళు వలలు భుజాన వేసుకుని కృష్ణ దిక్కు పోయారు. నాయన రెండుసార్లు నంద్యాల మార్కెట్టుకు పోయి వట్టి చేతులతో వచ్చాడు. మంచుగడ్డల మీద బొచ్చె చేపలు తప్ప ఇంకేం లేవన్నాడు. చచ్చిన చేప జేజి దగ్గర చెల్లదు.

అట్లాంటప్పుడు మామ వచ్చాడు. అమ్మ తమ్ముడు, లారీ డ్రైవరు. బేతంచెర్ల నాపరాళ్ళు ఎక్కించుకుని కలకత్తా దాకా పోయి వచ్చేవాడు. అక్క దగ్గర కాసేపు కూర్చుని బయటికొచ్చి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, చాలాసేపు లారీ టైరు కేసి చూస్తూ నిలబడ్డాడు. నేను దగ్గరికి పోయి చేపల పులుసు సంగతి, కొర్రమీను సంగతి చెప్పాను. వెంటనే లారీ ఎక్కి సీటు కింద చెయ్యి పెట్టి ఒక చిన్న అట్టపెట్టె తీశాడు.

అందులో ఉన్నదాన్ని చూసి నేను బొమ్మ అనుకున్నాను. జానెడు చెక్క చేప. వీపు పచ్చ, పొట్ట తెలుపు, కన్ను ఎర్రటి చుక్క. మూతి కింద చిన్న రేకు నాలుక. పొట్ట కింద ఒకటి, తోక కింద ఒకటి, మూడేసి కొక్కేల గాలాలు.

"కలకత్తాలో దీంతోనే పడ్తారు పాపా. ఎర ఉండదు, ఏముండదు. నీళ్ళలో లాగితే ఇది ఈదుతాది. పెద్ద చేప చూసి నిజం చేప అనుకుంటాది" అన్నాడు మామ.

జేజి పెట్టెలోకి తొంగి చూసింది. "చెక్కను చేప తింటాదాప్పా? నీకు కలకత్తా నీళ్ళు పడల్యా" అంది.

ఎద్దులు నీళ్ళు తాగే తొట్టిలో వేసి లాగి చూశాం. అబ్బ, అది నిజంగానే ఈదింది. రేకు నాలుక నీళ్ళను తన్నుతుంటే తల కిందికి వంచి, నడుము అటూ ఇటూ ఊపుకుంటూ పోయింది. తొట్టి గట్టు మీద కూర్చున్న మా పిల్లి ఒక్క ఉదుటున దాని మీదికి దూకి నీళ్ళలో పడింది. పిల్లి మోసపోయిందంటే కొర్రమీను ఎంత అనుకున్నాను. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు, తిండి లేదు, ధ్యాసంతా ఆ చెక్క చేప మీదే.

"మూడో దినం సాయంత్రం లోడు ఎత్తాల నేను. అంతలోపల కొర్రమీను తెద్దాం. నువ్వు రావాల" అన్నాడు మామ.

"ఆడపిల్ల గాలం పడతాదా?" అంది జేజి.

"నా చెయ్యి స్టీరింగుకు అలవాటు పడిందత్తా. విసిరేది నాకు చేతగాదు. ఈ పిల్ల మామిడికాయను రాయితో తొడిమె కాడ కొడ్తాదంట గదా."

ఆ పేరు నాకు ఊళ్ళో ఉంది. తోటల వాళ్ళు నాయనకు చెప్పగా వచ్చిన పేరు. మొదటిసారి అది తిట్టు కాకుండా పనికొచ్చింది.

మా ఊరికి మైలు దూరంలో కాలవ మీద పాత లాకులుండేవి. వాటి కింద నీళ్ళు దూకి దూకి తవ్విన మడుగు ఎండాకాలంలో కూడా ఎండేది కాదు. ఒకవైపు రాతి గోడ పక్కన నల్లటి లోతు. ఇంకొకవైపు మోకాలి లోతు నీళ్ళలో తుంగ, నాచు. చుట్టూ ఎండిన బురద వాసన. మామ నైలాన్ దారాన్ని పాలపొడి డబ్బాకు చుట్టాడు. ఒక చేత్తో డబ్బా పట్టుకోవాలి, ఇంకో చేత్తో చెక్క చేపను తల చుట్టూ గిరగిరా తిప్పి వదలాలి. డబ్బా మీంచి దారం జరజరమని పోతుంది. తర్వాత చుట్టుకుంటూ లాగాలి.

మొదటి విసురుకు అది తుమ్మ చెట్టుకు తగులుకుంది. రెండో విసురుకు మామ తలగుడ్డను ఎత్తుకుపోయింది. మూడోది మడుగు నడుమ పడింది.

నాలుగు చుట్లు చుట్టానో లేదో, దారం ఆగిపోయింది. రాయికి తగిలిందనుకున్నాను. ఆ రాయి కదిలింది. కదిలి లోతులోకి పోయింది. డబ్బా నా చేతిలో గింగిరాలు తిరిగింది. "మామా, పడింది" అని అరిచాను. ఆయన చెప్పులతోనే నీళ్ళలోకి దిగాడు. దారం నా వేళ్ళను కోస్తోంది, అయినా వదల్లేదు. కొర్రమీను, కొర్రమీను, అమ్మ తింటుంది అని లోపల ఒకటే మాట. చివరికి నీళ్ళు చీలి ఒక తల పైకి లేచింది. పెద్ద నోరు, ఆ నోటికి అటొకటి ఇటొకటి మూరెడు మీసాలు.

"వాలుగ" అన్నాడు మామ. పళ్ళెమంత నోరు తెరిచి చెక్క చేపను అడ్డంగా కరుచుకుని ఉంది.

నేను అంత పెద్ద చేపను ఎప్పుడూ చూడలేదు. సంతోషం పొంగుకొస్తోంది, ఏడుపూ వస్తోంది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక నవ్వాను.

జేజి గడప దగ్గరే ఆపేసింది. "మీసాలు చూడు, పోలీసోని మాదిరి. ఎవరికన్నా ఇచ్చిరాపోండి" అంది. ఎదురింటి టీచరమ్మకు ఇచ్చాం. ఆవిడ బడిలో మాకు లెక్కలు చెప్పేది, ఆదివారం చర్చి నుంచి వస్తూ వస్తూ చేపలు తెచ్చుకునేది. ఆ రాత్రి వాళ్ళింటి నుంచి ధనియాలు, వేయించిన మెంతులు, చింతపులుసు వాసన మా ఇంటి దాకా వచ్చింది. అమ్మ మంచంలో తల తిప్పి ఆ వాసన పీల్చింది. అది నేను చూశాను.

రెండో రోజు తుంగ పక్కన విసిరాను. కొర్రమీన్లు అక్కడే ఉంటాయని మామ లెక్క. చెక్క చేప నాచులో ఇరుక్కుపోయింది. మామ నడుము లోతు నీళ్ళలో దిగి, కాళ్ళకు జలగలు పట్టినా విడిపించి తెచ్చాడు. "ఇది పోతే మళ్ళా కలకత్తా పోవాల పాపా" అన్నాడు. తుంగలో విసిరితే ఇరుక్కుంటుంది, లోతులో విసిరితే వాలుగ పడుతుంది. ఆ రోజు రెండు వాలుగలు పడ్డాయి. వాటి సన్నపళ్ళకు చెక్క చేప వీపు మీద పచ్చరంగు గీతలు గీతలుగా లేచిపోయింది. అంతసేపూ నేను అలిసిపోలేదు. దారం ఆగిన ప్రతిసారీ ఇదే కొర్రమీను అని నమ్మాను. ఆ నమ్మకం ఇప్పుడు నాకు ఎంత వెతికినా దొరకదు.

ఇంట్లో అమ్మ ఆ రోజు గంజి కూడా వద్దంది.

సాయంత్రం టీచరమ్మకు చేపలిస్తూ అడిగాను. "టీచరమ్మా, జరం పడి లేచినోళ్ళు వాలుగ తింటే జన్ని వస్తాదా?"

"మా అమ్మ మాకు జరమొచ్చి పోయినంక అదే పెట్టేది పాపా. మాకేం కాలేదే" అందావిడ. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు, "అట్లని మీ జేజితో అనొద్దు" అంది.

మూడో రోజు పొద్దున ఉగ్గాని గబగబా మింగి మడుగు చేరాం. ఎండ ముదిరేసరికి తుంగ అంచున నీళ్ళు కదిలాయి. గోధుమరంగు వీపు, పాముతల. కొర్రమీనే. చెక్క చేపను దానికి ఇవతలగా వేసి మెల్లగా లాగాను. అది వెనకే వచ్చింది. ఇంకొంచెం లాగాను, ఇంకా వచ్చింది. మామ నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. కొట్టింది. దారం బిగిసింది. అది గాల్లోకి ఒక్కసారి ఎగిరి తల విదిలించుకుంది, అంతే. చెక్క చేప వట్టిదే తేలింది. నేను గట్టు మీద కూలబడిపోయాను.

"లెయ్, ఇంకొకటేస్తాం" అన్నాడు మామ. గొంతు మాత్రం అట్లా అనడం లేదు.

ఆ తర్వాత లోతులోకి వేసిన విసురుకే అన్నిటికంటే పెద్ద వాలుగ పడింది. దాన్ని ఒడ్డుకు లాగాక ఇద్దరమూ దాని మీసాల కేసి చూస్తూ కూర్చున్నాం. పొద్దు నడినెత్తికొచ్చింది. సాయంత్రం లారీ పోవాలి. అప్పుడు నేనే అన్నాను.

"తల కోసేస్తే మీసాలుండవు గదా మామా."

ఆయన నా కేసి చూశాడు. "జన్ని వస్తే?"

టీచరమ్మ మాట చెప్పాను. మామ వాలుగను లాకుల రాతి మీదికి లాగాడు. తర్వాత మొలలో కత్తి తీశాడు. "మీ జేజికి తెలిసిందంటే నా లారీ కింద నేనే పండుకోవాల" అన్నాడు. తల కోసి మడుగులో వేసి, తోలు ఒలిచి, అక్కడే ముక్కలు చేశాడు. తెల్లటి ముక్కలు, నడుమ ఒకటే ముల్లు. కొర్రమీను ముక్కలూ అట్లాగే ఉంటాయని మాకు ధైర్యం.

ఒక చిక్కు మిగిలింది. పొలుసు. జేజి అడిగితే ఏం చూపిస్తాం? నేను ముందు ఊళ్ళోకి పరుగెత్తాను. టీచరమ్మ ఆదివారం చేపలు కడిగిన చోట, జామచెట్టు మొదట్లో ఎండిన పొలుసు మెరుస్తూ ఉంది. గుప్పెడు ఏరుకుని, తడిపి, మా పెరట్లో గిన్నెలు తోమే బండ మీద చల్లాను. చేపను రుద్ది కడిగినట్టు కనపడాలని కాస్త బూడిద కూడా పోశాను. మామ ముక్కలు తెచ్చాక రెండు పొలుసులు ఆ గిన్నెలో వేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"కొర్రమీను జేజీ. మామ ఆడనే కోసినాడు, మిగిలింది ఈడ కడిగినాం" అన్నాను.

జేజి గిన్నెలో చూసింది. బండ మీద చూసింది. నా వేళ్ళ మీద దారం కోసిన గాట్లు కూడా చూసింది. తర్వాత పొయ్యి రాజేసింది. కారం తగ్గించి, మిరియాలు నూరి వేసి పులుసు పెట్టింది.

అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రెండో ముద్ద తానే కలుపుకుంది. గిన్నె ఖాళీ అయింది. నాయన గడపలో నిలబడి చూస్తూ ఉన్నాడు, పైపంచె కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ తర్వాతే నాకు భయం పట్టుకుంది. అమ్మ నిద్రపోయింది. ఆమె చెయ్యి కదిలితే నాకు జన్ని అనిపించేది, కదలకపోతే అంతకంటే ఎక్కువ భయమేసేది. జేజి మధ్యాహ్నం కునుకు తియ్యనిదే ఉండలేని మనిషి. ఆ రోజు తియ్యలేదు. అమ్మ మంచం పట్టె మీద కూర్చుని, ఆమె పొట్ట మీద చెయ్యి వేసి ఉండిపోయింది. వాకిట్లో మామ లారీ కింద దూరి లేని రిపేరు చేస్తున్నాడు. దేవుడా, అమ్మకేమన్నా అయితే నన్ను తీసుకుపో అని మొక్కుకున్నాను. అంత గట్టిగా నేను మళ్ళీ ఎప్పుడూ మొక్కుకోలేదు.

ఎండ వాలే పొద్దుకు అమ్మ కళ్ళు తెరిచింది.

"అత్తా, పులుసు ఇంకొంచెం ఉండాదా?"

నేను వాకిట్లోకి ఒకటే పరుగు. మామ లారీ కింద నుంచి తల బయటపెట్టాడు. మొహమంతా గ్రీజు. "అడిగింది మామా, ఇంకా కావాలంట" అన్నాను. ఆయన మళ్ళీ లారీ కిందికే పోయాడు. చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. పోతూ పోతూ చెక్క చేప పెట్టె నా చేతిలో పెట్టి, తలుపు ధడాలున వేసి, హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

జేజి పెరట్లో గిన్నెలు తోముతూ నన్ను పిలిచింది. తడి వేలి మీద ఒక పొలుసు అంటించి చూపించింది.

"ఇది ఏ చేపదే?"

"కొర్రమీనుది."

"ఇది బొచ్చెది. రూపాయి బిళ్ళంతుండాది. కొర్రమీను పొలుసు నా చిటికెనేలు గోరంత గూడా ఉండదు. మళ్ళా పులుసు మీద అంత కొవ్వు తేలేది వాలుగకే."

దెబ్బ కోసం వీపు వంచాను. దెబ్బ పడలేదు.

"ఎప్పుడు తెల్సింది జేజీ?"

"పొయ్యి మీద పెట్టకముందే."

"మరి అమ్మకెట్ల పెట్టినావు?"

జేజి గిన్నె బోర్లించింది. "అడిగింది గదే. మూడు వారాలకు నోరు తెరిచి అడిగింది. నా శాస్త్రం చూసుకుంటా కూచుంటే మనిషి పోయేట్టుండాది" అంది. కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ మామూలు జేజి అయిపోయింది.

"రేపు గూడా బేగా పోయి అదే కొర్రమీను పట్కరా. మీసాలుండేదే. తల ఆడనే పారెయ్. మీ అమ్మకు తెలియకూడదు."

ఆ ఎండాకాలమంతా పట్టాను. ఒక్కదాన్నే పోయేదాన్ని, ఆడపిల్ల గాలం పడతాదా అన్న మనిషే వేళకు పోలేదని తరిమేది. కాలవకు నీళ్ళు వదిలే నాటికి చెక్క చేప మీద రంగన్నది మిగల్లేదు, ఒక కన్ను కూడా పోయింది. అమ్మ చెంపలు నిండాయి, గాజులు మణికట్టు దగ్గర నిలిచాయి. చెక్క చేప ఆ తర్వాతి ఏడాది లాకుల తలుపుకు తగిలి తెగిపోయింది. జేజి పోయింది, మామ పోయాడు. ఆ లాకులూ లేవు, మడుగు పూడ్చి సిమెంటు వేశారు. అమ్మ మాత్రం నిండా బతికింది. ఊళ్ళో ఎవరు జబ్బు పడి లేచినా పోయి చెప్పేది, కొర్రమీను పులుసు పెట్టండి, నన్ను బతికించింది అదేనని. చివరిదాకా అదే నమ్మింది. నేను ఆమెకు చెప్పలేదు. జేజి వద్దంది కదా.

మొన్న కట్ట మీద, కింద మావాడి హారన్ మోగుతుండగానే, ఆ పిల్లగాడి దారం మళ్ళీ బిగిసింది. నా చేతులు వాటంతట అవే ముడుచుకున్నాయి. "కొర్రమీనే పెద్దమ్మా, కొర్రమీనే" అన్నాడు. నాకు దారం పోయే తీరుకే తెలిసిపోయింది, అయినా అనలేదు. నీళ్ళు చీలి మీసాలు పైకి లేచాయి. వాడి మొహం వాడిపోయింది. గాలం ఊడదీసి మళ్ళీ నీళ్ళలో వదలబోతుంటే, "నాకియ్యి నాయనా" అన్నాను.

తడిసిన గోనెసంచిలో పెట్టుకుని కారు ఎక్కాను. వాసనకు మావాడు ముక్కు మూసుకున్నాడు.

"అదేం చేపమ్మా?"

"కొర్రమీను" అన్నాను.